ఇంటికొక్క కార్డు

సుల్తానాబాద్‌లో మూతబడ్డ రైసుమిల్లు ఒకటి ఉండేది. దాని గోదాములో రాధాబాయి స్మారక దవాఖాన నడిచేది. పేరు చూసి పెద్దదనుకునేరు. నాలుగు బెంచీలు, రెండు బీరువాలు, బరువు తూచే మిషను ఒకటి, అంతే. క్షయకు తప్ప ఇంకో జబ్బుకు మందివ్వరు. డాక్టర్ భూపాల్‌రావు హైదరాబాద్‌లో నౌకరీ చేసి, రిటైరై వచ్చి, తల్లి పేరున దాన్ని పెట్టాడు. పొలం మీద వచ్చిందంతా అందులోనే పోసేవాడు. ఇంట్లో దవాఖాన మాటెత్తితే చాలు, ఆయన భార్య లేచి వంటింట్లోకి పోయేదట.

ఆయన చేతికింద ముగ్గురంటే ముగ్గురు. గుండ్లవాగు ఊళ్లో చిన్న సెంటరు చూసుకునే కాంపౌండర్ అంబదాస్, నర్సాపల్లె రోడ్డు మీద ఇంకో సెంటరు చూసుకునే నర్సు కిష్టవ్వ, సుల్తానాబాద్‌లో కూర్చుని కాగితాలన్నీ చూసే అనసూర్య. ఈ కథ అనసూర్యది. మనిషి మంచిదే, ఏ మాటకామాటే చెప్పుకోవాలి. కాకపోతే కోపం ముక్కు మీద, ప్రాణం కాగితం మీద. రాతలో తప్పు దొరికితే డాక్టర్నయినా సరే నిలబెట్టి అడిగేది. ఆయన కూడా ఆమెకు జంకేవాడు.

క్షయకు ఆ రోజుల్లో వేసే సూదిమందుకు ఒక పాడు గుణం ఉండేది. కొందరికి అది చెవుల్ని తినేస్తుంది. ముందు చెవిలో కీచుమని మోత మొదలవుతుంది, నడుస్తుంటే తల తిరుగుతుంది. అప్పుడే సూది ఆపేస్తే చెవులు దక్కుతాయి. ఆపకపోతే వినికిడి పోతుంది. పోయింది మళ్లీ రాదు, ఏ డాక్టరూ తెచ్చివ్వలేడు.

ఎనభై ఐదు వానాకాలంలో గుండ్లవాగు బుచ్చవ్వకు అదే జరిగింది. చెవుల్లో మోత అని ఆమె అంబదాస్‌తో చెప్పింది. అంబదాస్ తన నోటుబుక్కులో రాసుకున్నాడు, సూది ఆపాడు. ఆ వారమే బుచ్చవ్వ కూతురింటికని సుల్తానాబాద్ వచ్చి, ఎలాగూ వచ్చాను కదా అని, అక్కడ ఆపిన మాట చెప్పకుండానే ఇక్కడ వరసగా నాలుగు సూదులు వేయించుకుంది. నోటుబుక్కు గుండ్లవాగులో, మనిషి సుల్తానాబాద్‌లో. శనివారం అంబదాస్ పుస్తకం పట్టుకుని వచ్చేసరికి అయిపోవలసింది అయిపోయింది.

బుచ్చవ్వ ఎవరినీ ఒక్క మాట అనలేదు. "నా మనుమరాలు అమ్మమ్మా అంటుందట బిడ్డా, నాకు దాని పెదవులే కనవడ్తున్నయి" అని మాత్రం అనసూర్యతో చెప్పింది. ఆ రాత్రి అనసూర్య, తాను బతికి ఉండగా ఇంకొకరి చెవులు ఈ దవాఖానలో పోవడానికి వీల్లేదని ఒట్టు పెట్టుకుంది. పెద్ద ఒట్టే. నిలబెట్టుకోవాలని ఆమె పడిన తంటాలు అన్నీ ఇన్నీ కావు.

ముగ్గురు మనుషులు మూడు చోట్ల కూర్చుంటారు. రోగి ఎక్కడికైనా వస్తాడు. ఒకరికి తెలిసింది మిగతా ఇద్దరికీ తెలియాలి, అదీ వెంటనే. ఎలా? ఈ ప్రశ్న అనసూర్య బుర్రను తొలిచేసింది. డాక్టర్ అందరినీ కూర్చోబెట్టాడు. ఒక పెద్ద రిజిస్టరు పెట్టి అన్నీ అందులో ఎక్కిద్దామన్నాడాయన. రిజిస్టరు ఒక్కచోటే ఉంటుంది కదా సార్, బుచ్చవ్వ సంగతి మళ్లీ మొదటికొస్తుంది అంది అనసూర్య. పోనీ కార్బన్ పుస్తకాలు తెప్పించి, ఒకసారి రాస్తే మూడు ప్రతులు వచ్చేలా చేసి, రెండింటిని బస్సులో పంపుదామన్నారు. నెల రోజులు అదీ చేశారు. మూడో ప్రతి చదవాలంటే దేవుడు దిగిరావాలి. ఆ కాగితాలూ కండక్టర్ దయ ఉంటే దిగేవి, లేకపోతే మంథని దాకా పోయి తిరిగొచ్చేవి. టెలిఫోనా? సుల్తానాబాద్‌లో ఉంది. మిగతా రెండు ఊళ్లలో దాని పేరు వినడమే.

అనసూర్య ఒకరోజు కరీంనగర్ వెళ్లి ప్రెస్సులో మాట్లాడి, ఒక నమూనా పట్టుకొచ్చింది. పసుపు రంగు మందపాటి కార్డు, మూడు మడతలు. తారీఖు, సూది, గోలీలు, బరువు, చెవులు, సంతకం అని గళ్లు. ఇది రోగి చేతిలోనే ఉంటుంది. రోగి ఎక్కడికి పోతే కార్డు అక్కడికి పోతుంది. ఎవరి దగ్గరికి వచ్చినా ముందటి సంగతంతా కళ్ల ముందుంటుంది. బస్సు అక్కర్లేదు, కండక్టర్ అక్కర్లేదు.

"సార్, బుచ్చవ్వ చేతుల గీ కార్డు ఉండి ఉంటే ఆమె చెవులు ఇయ్యాల మంచిగ ఉండేటియి" అంది. దానికి ఎవరు ఎదురు చెబుతారు?

నియమాలు కూడా ఆమే రాసింది. కార్డు మీద ఉన్నదే నిజం. చెవుల మాట ఎర్ర సిరాతో రాయాలి, రాసినవాళ్లు రోగిని సుల్తానాబాద్ పంపాలి. ఎర్ర సిరా కొట్టేసే హక్కు డాక్టర్ చూశాక సుల్తానాబాద్‌కే ఉంటుంది. ఇంత పకడ్బందీగా రాసి, అందరితో సంతకాలు పెట్టించింది.

ఇంకొక్క మాట కూడా అంది. ఇక శనివారాలు కలవనక్కర్లేదు.

శనివారాలంటే ఏమిటో చెప్పాలి. వారానికోసారి అంబదాస్, కిష్టవ్వ బస్సెక్కి సుల్తానాబాద్ వచ్చేవారు. గోనెసంచుల మీద కూర్చుని, చాయ్ తాగుతూ ఒక్కొక్క రోగి గురించీ మాట్లాడుకునేవారు. ఫలానా ముసలాయన బీడీ మానలేదు, ఫలానా కోడలు అలిగి పుట్టింటికి పోయింది, ఫలానావాడు మీసం తీసేసి వస్తే పోల్చుకోలేదు, ఇలా మధ్యాహ్నం దాకా సాగేది. అందులో పని మాటలు పావు వంతు, మిగిలిందంతా ముచ్చట్లని అనసూర్యకు ఒళ్లు మంట. కార్డు వచ్చాక ఇంకెందుకు ఆ కాలక్షేపం?

అంబదాస్‌ది మహారాష్ట్ర సరిహద్దున బోథ్ పక్క. మాట్లాడితే మరాఠీ ముక్కలు దొర్లుతాయి. అతను మాత్రం కొంచెం గునిశాడు. "కార్డుల అన్ని రాస్తం అక్కా, బరోబర్. గని మనిషి ఎట్లుంటడో ఎట్ల రాస్తం?"

"మనిషి ఎట్లుంటె మందుకేంది? నీకు శనివారం చాయ్ బంద్ అయితుందని ఫికర్ గదా" అంది అనసూర్య.

అందరూ నవ్వారు. అంబదాస్ కూడా నవ్వాడు, ఇంకేం చేస్తాడు. శనివారాలు బందయ్యాయి.

ఆరు నెలలు కార్డు బ్రహ్మాండంగా నడిచింది. ముగ్గురు రోగుల చెవుల్లో మోత మొదలైతే ముగ్గురికీ వేళకు ఆపారు. ముగ్గురూ బయటపడ్డారు. డాక్టర్ పొంగిపోయాడు. అనసూర్య నడకలోనే మార్పు వచ్చింది. అన్ని కార్డుల్లోకీ ఆమెకు నచ్చిన కార్డు నూటపన్నెండో నంబరు. బొంతకుంట హనుమండ్లుది. ఒక్క సూది తప్పలేదు, ఒక్క గోలీ తప్పలేదు, మూల మడత పడలేదు. కొత్త రోగి ఎవరొచ్చినా ఆ కార్డు సంగతి చెప్పి, "గట్ల ఉండాలె మందు తినుడంటే" అనేది.

ఆ కార్డు మీద ఇద్దరు మనుషులు మందు తీసుకుంటున్నారు. అనసూర్యకు తెలియదు. చదివేవాళ్లకు దాచి ఆట ఆడించడం నాకు ఇష్టం లేదు, అందుకే ఇప్పుడే చెప్పేస్తున్నాను.

హనుమండ్లు ముప్పై ఐదేళ్ల రైతు. నెమ్మదస్తుడు. నెల రోజులు సుల్తానాబాద్‌లో సూదులు వేయించుకున్నాక రక్తం పడటం ఆగింది, ఆకలి పుట్టింది. అదే వేళకు గోదావరిఖనిలో లారీ నడిపే అతని తమ్ముడు అంతయ్య ఇంటికి వచ్చాడు. అతనికీ అదే దగ్గు, అదే సాయంకాలం జ్వరం. మామూలప్పుడైతే తీసుకుపోయి ఇంకో కార్డు రాయించేవారే. కాని అంతయ్యకు మస్కట్‌లో డ్రైవర్ వీసా ఖాయమైంది. జగిత్యాల ఏజెంటు పాస్‌పోర్టు పట్టుకుపోయాడు. ఇంకొన్ని నెలల్లో బొంబాయిలో డాక్టర్ల ముందు నిలబడాలి. పక్క వాడకట్టులో ఒకడికి క్షయ అని పొక్కి, ఏజెంటు వాడి పాస్‌పోర్టు తెచ్చి మొహాన కొట్టి పోయాడు. అంతయ్య పేరున దవాఖానలో కాగితం పుట్టిందంటే మస్కట్ మాట మరచిపోవలసిందే.

దారి చూపింది తల్లి రామవ్వ. ఆ ఇంట్లో రేషన్ కార్డు ఒక్కటే. చక్కెరకు ఒకసారి పెద్దోడు పోతాడు, కిరసనాయిలుకు ఒకసారి చిన్నోడు పోతాడు. ఎవరు పోయినా డీలరు కార్డు చూసి ఇస్తాడు గాని మొహం చూసి ఇవ్వడు. "గిది గూడ కార్డే గద కొడుకా. ఇంటికొక్కటి ఇచ్చిన్రు. అన్న పేరు చెప్పి సూదులు నువ్వేసుకో, గోలీలు ఇద్దరు చెరిసగం మింగుండ్రి" అంది. ఆమె మోసం చేయాలని అన్న మాట కాదది. కార్డంటే ఇంటిదనే ఆమెకు తెలుసు.

గోలీల కోసం హనుమండ్లు పదిహేను రోజులకోసారి సుల్తానాబాద్ వచ్చేవాడు. అతని మొహం అక్కడ అందరికీ తెలుసు. సూదులకు అంతయ్య నర్సాపల్లె పోయేవాడు. కిష్టవ్వ ఎన్నడూ హనుమండ్లును చూడలేదు. కార్డు చేతిలో పెట్టి హనుమండ్లు అంటే హనుమండ్లే అనుకుంది. కార్డు మీద ఉన్నదే నిజం కదా.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు అంతయ్య సూదికి వచ్చి, "సిస్టర్, చెవుల ఏందో కీచుమంటుంది. స్టీరింగు పడితె తల తిర్గుతుంది" అన్నాడు. కిష్టవ్వ ఆ పూట సూది వేయలేదు. ఎర్ర పెన్ను తీసి, చెవుల్లో మోత, సూది ఆపాను అని రాసి సంతకం పెట్టింది. "తెల్లారి సుల్తానాబాద్ పోయి పెద్ద డాక్టరుకు చూపించు, మర్వకు" అంది. నియమం ప్రకారం అంతా సరిగ్గా చేసింది, ఆమెను అనడానికి ఏమీ లేదు.

సుల్తానాబాద్‌కు అంతయ్య ఎలా పోతాడు? అక్కడ హనుమండ్లు అంటే ఎవరో అందరికీ తెలుసు. కార్డు తెచ్చి అన్నకిచ్చి, "ఏందో ఎర్రగ రాసింది, డాక్టరుకు చూపియ్యమన్నది" అని మాత్రం చెప్పాడు. తన చెవుల మాట చెప్పలేదు. చెబితే అవ్వ పరేషాన్ అవుతుందనీ, సూదులు మాన్పిస్తుందనీ, జబ్బు ముదిరితే బొంబాయిలో దొరికిపోతాననీ భయం.

మంగళవారం హనుమండ్లు వచ్చి అనసూర్య ముందు కార్డు పెట్టాడు. ఎర్ర సిరా చూడగానే ఆమె కుర్చీలోంచి లేచింది.

"ఏమయ్యా హనుమండ్లూ, చెవుల మోత వస్తుందా?"

"లేదమ్మా. మంచిగనే ఉన్నయి."

"తల తిర్గుతుందా? నిజం చెప్పు."

"ఎందుకు తిర్గుతది? పొద్దుగాల నాగలి కట్టి వచ్చిన."

ఆమె ఊరుకోలేదు. డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. ఆయన చేతి గడియారం విప్పి అతని చెవుల దగ్గర పెట్టాడు. వినబడుతుందన్నాడు, రెండు వైపులా. గీత మీద నడవమంటే తిన్నగా నడిచాడు. చెవులకేం కాలేదు, కిష్టవ్వ అతిజాగ్రత్తకు పోయింది, సూది నడవనీ అన్నాడు డాక్టర్. అనసూర్య నీలి పెన్నుతో ఎర్ర గీతలు కొట్టేసి, చెవులు బాగున్నాయి, సూది కొనసాగించాలి అని తన గుండ్రటి అక్షరాలతో రాసింది. డాక్టర్ సంతకం పెట్టాడు. ఆమె మనసు తేలికపడింది. ఒక మంచి మందు ఉత్త అనుమానంతో ఆగిపోకుండా కార్డు కాపాడిందని కూడా అనుకుంది.

ఇంటికి పోయి హనుమండ్లు తమ్ముణ్ణి అడిగితే, నాకేం లేదన్నాడు అంతయ్య. గురువారం కార్డు మళ్లీ నర్సాపల్లె చేరింది. కిష్టవ్వ నీలి అక్షరాలు చదివింది. ఎదురుగా అంతయ్య చెవి నొక్కుకుంటున్నాడు.

"ఇంక మోతనే ఉంది సిస్టర్."

"పెద్ద డాక్టరు చూసి మంచిగున్నయని రాసిండు గద. నీర్సానికి గట్ల అనిపిస్తది, మంచిగ తిను" అంది, సూది వేసింది.

ఎదురుగా ఉన్న మనిషి నోటితో చెబుతున్నాడు. కార్డు ఇంకోటి చెబుతోంది. కిష్టవ్వ కార్డును నమ్మింది. ఇరవై మూడేళ్ల పిల్ల, నౌకరీ కొత్త, పైన అనసూర్య. అయినా పది రోజులకు మళ్లీ భయమేసి మళ్లీ ఎర్రగా రాసింది. మళ్లీ హనుమండ్లు వచ్చాడు. గడియారం టిక్కుటిక్కుమంది. ఈసారి అనసూర్యకు చిర్రెత్తుకొచ్చింది. నీలి సిరాతో కొట్టేసి, బాగా చూసి మరీ రాశాము, అనవసరంగా రోగిని తిప్పవద్దు అని చేర్చింది. అది చదివి కిష్టవ్వ మొహం చిన్నబుచ్చుకుంది. ఆ తర్వాత ఆ పిల్ల ఎర్ర పెన్ను ముట్టలేదు. అంతయ్య కూడా అడగడం మానేశాడు.

ఆ రోజుల్లో ఒక్కటంటే ఒక్క శనివారం కలిసి ఉంటే సరిపోయేది. చాయ్ తాగుతూ కిష్టవ్వ, గా లారీ డ్రైవర్ చెవులు అనేది. డ్రైవరేంది, నాగలి దున్నే మనిషి గదా అని అనసూర్య అనేది. అంబదాస్ నవ్వేవాడు. ఆ మాట అక్కడితో తేలిపోయేది.

నెలన్నర తర్వాత గోలీల డబ్బాలు తీసుకుపోదామని కిష్టవ్వ సుల్తానాబాద్ వచ్చింది. మంగళవారం. బెంచీ మీద కూర్చుని లెక్క చూసుకుంటోంది. అనసూర్య, "హనుమండ్లూ, నూటపన్నెండు" అని పిలిచింది. గుబురు మీసాల రైతు లేచి వచ్చాడు. కిష్టవ్వ తలెత్తి చూసింది.

"అక్కా, గీయన హనుమండ్లు ఎట్లయితడు?"

"మరి ఎవరయితడు? నీ కార్డే ఇది, నువ్వు సూదులేస్తున్నవు గదా."

"నేనేసేది గీయనకు కాదక్కా. సన్నగ, నున్నగ గీసుకొని వస్తడు. లారీ డ్రైవర్."

"మా తమ్ముడమ్మా" అన్నాడు హనుమండ్లు. అనసూర్య చేతిలోని కార్డు వైపు చూసింది. ఎర్ర గీతలు, వాటి మీద నీలి గీతలు, కింద తన గుండ్రటి అక్షరాలు. రెండూ నిజాలే. ఒకటి తమ్ముడి చెవులు, ఇంకోటి అన్న చెవులు. తమ్ముడి చెవుల మాటను అన్న చెవులు చూసి తానే కొట్టేసింది, రెండుసార్లు. "తమ్ముని తోల్కరా పో, ఇప్పుడే తోల్కరా" అని అరిచింది. అరుస్తూనే ఏడ్చేసింది.

సాయంత్రానికి తల్లి, ఇద్దరు కొడుకులు వచ్చారు. డాక్టర్ గడియారం విప్పి అంతయ్య చెవి దగ్గర పెట్టాడు. అంతయ్య ఆయన పెదవుల వంకే చూస్తున్నాడు. ఆయన గడియారం పక్కన పెట్టి, బల్ల మీద గట్టిగా చేత్తో కొట్టాడు. హనుమండ్లు ఉలిక్కిపడ్డాడు, అంతయ్య పడలేదు. చెవులు పూర్తిగా పోయాయి. అది చాలదన్నట్టు, మందు చెరిసగం మింగినందుకు ఇద్దరి జబ్బూ లొంగకుండా మొండికేసిందని డాక్టర్ కఫం చూసి చెప్పాడు. ఇక ఈ మందులు ఇద్దరిమీదా సరిగ్గా పనిచేయవు. వేరే మందులు పెద్ద ఊళ్లలోనే దొరకాలి, దొరికినా పని చేస్తాయో లేదో ఆయన చెప్పలేడు. చెబుతున్నప్పుడు ఆయన ఎవరి మొహమూ చూడలేదు.

రామవ్వకు సగం అర్థమైంది, సగం కాలేదు. కార్డు అనసూర్య ముందు పెట్టి, వేలితో నీలి అక్షరాలు చూపించింది.

"గిదేంది బిడ్డా రాసింది?"

"చెవులు బాగున్నయని అవ్వా."

"ఎవలయి?"

"పెద్దాయనవి."

"మరి మా చిన్నోని చెవులు ఏడ రాసిన్రు?"

రామవ్వ కోపంతో అడగలేదు. వేలు మాత్రం కార్డు మీద నుంచి తీయలేదు. చివరికి హనుమండ్లే తల్లి రెక్క పట్టుకుని తీసుకుపోయాడు.

మర్నాడు డాక్టర్ మళ్లీ అందరినీ కూర్చోబెట్టాడు. కార్డు మీద ఫోటో అంటిద్దామన్నాడు. ఫోటో అంటిస్తే అసలు ఎవరూ కార్డు తీసుకోరు సార్, గల్ఫ్‌కు పోయే ఇంటివాళ్లు బొత్తిగా రారు అంది కిష్టవ్వ. శనివారాలు మళ్లీ మొదలుపెడదామన్నాడు అంబదాస్. సరే అన్నారు. అనసూర్యను అడిగారు. "నన్ను అడగకుండ్రి" అంది. అప్పుడు కూడా అంబదాస్ ఆమెను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆమెకు కొంచెం బాగుండేది.

నాలుగు రోజుల తర్వాత, దవాఖాన మూసే వేళకు, అంతయ్య ఒక్కడే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసుకున్న మొహం. బెంచీ మీద ఒక ముసలాయన మాత్రం మందుకు కూర్చుని ఉన్నాడు. అనసూర్య లేచి నిలబడింది. నాలుగు రోజులుగా ఆమె లోపల మాటలు కూడబెట్టుకుని ఉంది. చెప్పినా అతనికి వినబడదు. కాగితం తీసి, తప్పు నాది, నన్ను క్షమించు తమ్మీ, నీకు క్షయ ఉన్న సంగతి నేను కార్డును కాదు, మనిషిని చూసి తెలుసుకోవలసింది అని రాసి ఇచ్చింది.

అంతయ్య ఏడో తరగతి దాకా చదివాడు. మెల్లగా చదివి, అటూ ఇటూ చూసి, కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకున్నాడు.

"గిట్ల రాయకుండ్రి మేడం. గా జబ్బు పేరు ఎవలన్న చదివితే వీసా పోతది" అన్నాడు. తన గొంతు తనకు వినబడదు కనుక అరిచినట్టే అన్నాడు. బయట రోడ్డు మీద పోయేవాళ్లకు కూడా వినబడి ఉంటుంది.

అనసూర్య నిర్ఘాంతపోయింది. ఇతను ఇంకా పోదామనే ఉన్నాడు.

"బుధారం బొంబాయిల మెడికల్ ఉంది. ఏజెంటు టికెట్ తెచ్చిండు. ఆనికి ఏం చెప్పలే" అన్నాడు. "పెదవులు చూసి మాట పట్టుడు నేర్సుకుంటున్న. మా వదిన మాటలు సగం అర్థమైతున్నయి. బొంబాయి డాక్టరు ఏమేం అడుగుతడో మీకు తెలుస్తది గద. జర రాసియ్యుండ్రి. బట్టీ పట్టి పోత."

వద్దని చెప్పాలి. అక్కడ ఛాతీ ఫోటో తీస్తారని చెప్పాలి. చెవులు దాగవనీ, దాగినా ఊపిరితిత్తులు దాగవనీ చెప్పాలి. ఆమెకు ఆ ధైర్యం చాలలేదు. ఇతని నుంచి ఇంకొకటి లాక్కునే అధికారం తనకు లేదనిపించింది. కూర్చుని రాసింది. నీ పేరేమిటి, వయసెంత, ఏ పని చేస్తావు, ఎప్పుడైనా జబ్బు చేసిందా, ఊపిరి గట్టిగా పీల్చు, వదులు. అంతయ్య ఒక్కొక్కటీ చదివి, ఆమె పెదవుల వైపు చూస్తూ జవాబులు చెప్పాడు. ఆమె ఒక్కొక్క అక్షరం సాగదీసి పలికింది. పేరు సరిగ్గా చెప్పాడు, వయసు సరిగ్గా చెప్పాడు. జబ్బు అన్నప్పుడు, "ఎన్నడు లేదు సార్" అన్నాడు, చాలా నమ్మకంగా. రెండోసారి ఒక్క తప్పూ పోలేదు. అతని మొహం విప్పారింది.

"పాసైన గద మేడం?"

అనసూర్య తల ఊపబోయి ఆగింది. బొంబాయి డాక్టరు ఎదురుగా కూర్చునే అడుగుతాడని ఎవరు చెప్పారు? వీపు మీద గొట్టం పెట్టి వెనక నుంచే అడుగుతాడు. ఇంకోసారి అని వేలు చూపించి, అతన్ని గోడవైపు తిప్పి నిలబెట్టింది. తాను వెనక్కి పోయి నిలబడింది.

"నీ పేరేంది?" అంది.

అంతయ్య కదల్లేదు. ఆమె ఒక అడుగు ముందుకేసి ఇంకొంచెం గట్టిగా అడిగింది. ఆ తర్వాత గొంతు చించుకుని అరిచింది. బెంచీ మీది ముసలాయన అదిరిపడి ఇటు చూశాడు.

అంతయ్య చొక్కా కాలరు సర్దుకున్నాడు. గోడ వంకే చూస్తూ, "తయ్యారున్న మేడం, ఇగ అడుగుండ్రి" అన్నాడు.